దీనమ్మ అనని మాట

"చివరి ఊపిరి తీసుకుంటూ దీనమ్మ గారు ఎలీసమ్మ గారి చేయి గట్టిగా పట్టుకుని, 'నా తమ్ముణ్ణి నేను మనస్ఫూర్తిగా క్షమించాను. ఇక నాకు ఎవరిమీదా ఏ బాధా లేదు. ఈ మాట సాల్మన్‌కు చెప్పండి' అంటూ చిరునవ్వుతో ప్రభువు సన్నిధికి చేరుకున్నారు."

సతీష్ పాస్టరు మైకులో ఈ ముక్క చదవగానే టెంటు కింద కూర్చున్న జనమంతా ఒక్క గొంతుతో "హల్లెలూయ" అన్నారు. ఎలీసమ్మ మాత్రం అనలేదు.

చెయ్యి పట్టుకుందట! చిరునవ్వట! ఆ మధ్యాహ్నం ఆ మంచం పక్కన కూర్చున్నది ఎలీసమ్మ ఒక్కతే. గదిలో ఇంకో పురుగు కూడా లేదు. ఎవరూ అనని మాటని, ఎవరూ వినని మాటని, తన పేరు పెట్టి తన చెయ్యి పెట్టి మైకులో చదివేస్తున్నాడు. పోయినవాళ్ళ కళ్ళు చారెడేసి అంటారు, అది లోకంలో ఉన్నదే. పోయినవాళ్ళ కోసం పెట్టే ఇలాంటి ఆదరణ కూడికలో నాలుగు మాటలు పెంచి చెప్పుకోవడం ఎవరికీ తప్పనిపించదు. కానీ పోయినదాని కళ్ళు పెద్దవని చెప్పడం వేరు, దాని నోట్లో మన మాట కుక్కడం వేరు. థూ!

మలికిపురానికి రెండు మైళ్ళలో ఉన్న పేట అది. అక్కడి సంఘానికి ఎలీసమ్మ ముప్పై ఏళ్ళుగా బైబిల్ ఉమన్. రోగుల మంచాల దగ్గర వాక్యం చదవడం, బాలింతల ఇళ్ళలో ప్రార్థన చేయడం, చదువు రానివాళ్ళ కష్టం విని మందిరంలో వాళ్ళ తరఫున విన్నపం చెప్పడం ఆవిడ పని. ఎవరి కష్టం ఎంతవరకు బయటపెట్టాలో, ఎక్కడ నోరు కుట్టేసుకోవాలో ఆవిడకు తెలిసినట్టు ఆ పేటలో ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆవిడ ఔనంటే ఔను, కాదంటే కాదు. ఆ సంగతి సతీష్ పాస్టరుకూ తెలుసు కాబోలు, చదవడం ఆపి మైకులోనే అడిగాడు.

"అంతే కదండీ, ఎలీసమ్మ గారూ?"

తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి. ముందు వరసలో దీనమ్మ తమ్ముడు సాల్మన్ కర్చీఫు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడుస్తున్నాడు. దీనమ్మ కూతురు మాధవీలత నోరు తెరుచుకుని ఎలీసమ్మ కేసి చూస్తోంది. లేదంటే ఏమవుతుంది? కూడిక కాస్తా తగువవుతుంది. వండిన పలావు వండినట్టే ఉండిపోతుంది. పాస్టరు ముఖం మాడిపోతుంది. ఇన్ని ఆలోచనలు ఒక్క క్షణంలో ఎలా వచ్చాయో వచ్చాయి. ఎలీసమ్మ తల ఊపింది.

ఊపీ ఊపగానే తన తల మీద తనకే రోత పుట్టింది.

అసలు క్షమించడానికి సాల్మన్ చేసిన పనేమిటో చెప్పుకోవాలి. పదకొండేళ్ళ కిందట దీనమ్మ మొగుడు కామెర్లతో మంచం పట్టాడు. డాక్టరు అయ్యాడు, పసరు అయ్యింది. ఆఖర్న సాల్మన్ ఎక్కడికో వెళ్ళి ఎవరో తాయెత్తుల మనిషి చేత తాయెత్తు కట్టించి తెచ్చి బావ జబ్బకు కట్టాడు. బావంటే అతనికి ప్రాణం, ఆ మాట కాదనలేం. అయినా బావ దక్కలేదు. శవానికి స్నానం చేయిస్తుంటే సంఘం పెద్దల కంట ఆ తాయెత్తు పడింది. "విశ్వాసుల ఇంట్లో ఇదేంటయ్యా?" అని అడిగారు. సాల్మన్ అప్పటికి సంఘానికి సెక్రటరీ అయ్యి ఆరు నెలలు కూడా కాలేదు. పదవి పోతుందనుకున్నాడో, పరువు పోతుందనుకున్నాడో, "అక్క కట్టిందండీ" అనేశాడు.

మొగుడి శవం ముందు కూర్చున్న దీనమ్మ తలెత్తి తమ్ముడి కేసి చూసింది. నోరు మాత్రం విప్పలేదు. తోడబుట్టినవాడు, ఇవాళ కాకపోతే రేపు వాడే చెబుతాడనుకుంది. వాడు చెప్పలేదు సరికదా, సెక్రటరీ హోదాలో సంఘం పుస్తకం తెరిచి, అక్క పేరు ఎదురుగా "తాయెత్తు కట్టించినందున బల్ల నుండి ఆపబడినది" అని సొంత చేత్తో రాశాడు. కొబ్బరి వలుపు ముఠాకి మేస్త్రి అతను. పీచులో చెయ్యి పెట్టి పెట్టి అరచేతులు బండబారిపోయాయంటారు. ఆ రాత రాసిన రోజున ఇంకేం బండబారిందో ఎవరికి తెలుసు!

బల్ల అంటే ప్రభువు బల్ల. నెలకో ఆదివారం మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచుతారు. ఆపబడినవాళ్ళు వెనక చాప మీద కూర్చోవాలి. పళ్ళెం వాళ్ళ ముందు నుంచి ఆగకుండా వెళ్ళిపోతుంది. తప్పు ఒప్పుకున్నవాళ్ళని మళ్ళీ చేర్చుకుంటారు, అప్పుడు రాసిన చెయ్యే ఆ రాత కొట్టేస్తుంది. అది ఆ సంఘం పద్ధతి. "ఒక్క మాటతో పోయేదానికి ఎందుకమ్మా ఈ పట్టుదల, ఒప్పేసుకోరాదూ?" అని దీనమ్మకు చెప్పనివాళ్ళు పాపం. ఆవిడ ఈనె చీపుర్లు కట్టుకుంటూ, కత్తి ఆపకుండానే జవాబు చెప్పేది. "చెయ్యని తప్పు ఒప్పుకుంటే అదింకో తప్పండీ. నా తమ్ముణ్ణి సంఘంలో నిలబడి నిజం చెప్పమనండి, ఆ సాయంత్రమే మా ఇంట్లో వాడికి అన్నం పెడతాను."

పదకొండేళ్ళు ఆ చాప మీదే కూర్చుంది. ఆఖరి ఏడాది కేన్సరు. కాకినాడ ఆసుపత్రి వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నాక కూతురు మాధవీలత అమలాపురంలో టీచరు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి మూడు నెలలు పక్కనే ఉంది. ఆ రాత కొట్టించకుండా వదలనని తల్లికి మాటిచ్చి, పెద్దలకు అర్జీ కూడా రాసి పెట్టుకుంది. దీనమ్మ ఈ లోకంలో కోరుకున్నది అదొక్కటే. సంఘం పుస్తకంలో తన పేరు పక్కన ఆ మాట ఉండకూడదు, అంతే.

కూడిక అయ్యాక అందరూ పలావు తింటున్నారు. సాల్మన్ రెండు చేతులూ జోడించుకుని ఎలీసమ్మ దగ్గరకు వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం మాత్రం తలంటు పోసుకున్నట్టు తేటగా ఉంది.

"అక్క ఆ మాట అందంటే గుండెల మీద బండ దింపినట్టుందండీ, ఎలీసమ్మ గారూ."

"పుస్తకంలో రాత మాటేంటి, సాల్మన్ గారూ?" అని అడిగింది ఎలీసమ్మ.

"అక్కే క్షమించేసేక ఇంకా ఆ పాత రోత ఎందుకండీ? అందరం కలిసేం, అదే దేవుడి చిత్తం." ఇలా అని, పక్కన కూర గరిటె పట్టుకుని నిలబడ్డ భార్య తులసమ్మ కేసి తిరిగాడు. "ఎలీసమ్మ గారికి ఇంకో ముక్క వెయ్యవే." తులసమ్మ ముక్క వేసింది. మొగుడి మొహం కేసి గానీ, ఎలీసమ్మ మొహం కేసి గానీ చూడలేదు.

ఆ ముక్క విస్తట్లోనే ఉండిపోయింది. చెయ్యి కడుక్కుంటుంటే దీనమ్మ కూతురు లత వచ్చింది.

"అత్తా, అర్జీ చింపేసేను. అమ్మే క్షమించేక అడగడానికి నేనెవర్ని?" అంది. ఆగి, గొంతు తగ్గించి మళ్ళీ అంది. "మూడు నెలలు పక్కలో పడుకున్నాను కదత్తా. నాతో ఆ మాట ఒక్కసారైనా అనలేదేం? నేను మందులకి వెళ్ళిన గంటలోనే అనాలా?"

ఎలీసమ్మ పిల్ల భుజం మీద చెయ్యి వేసి, ఏదో గొణిగి, తప్పించుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే పాస్టరు ఇంటి గుమ్మంలో ఉంది. సతీష్ పాస్టరుకు ఇరవై ఎనిమిదేళ్ళు, రాజోలు వైపు నుంచి వచ్చి ఎనిమిది నెలలైంది. చెడ్డవాడు కాదు. ఫోనులో మాట్లాడే ఏఐ ఒకటి పెట్టుకున్నాడు, ప్రసంగం పాయింట్లు, సండే స్కూలు పాఠాలు దానితోనే తయారు చేసుకుంటాడు. దాని మీద ఎలీసమ్మకు పేచీ ఏమీ లేదు. మొన్న వేసవిలో స్త్రీల కూడిక కోసం విధవరాళ్ళ గురించి బైబిల్లో ఎక్కడెక్కడ ఉందో చెప్పమని తనే అడిగించింది. అది ఐదు చోట్లు చెప్పింది. ఎలీసమ్మ తన పాత బైబిలు తీసి ఐదూ వెతికింది. నాలుగు ఉన్నాయి, ఐదోది ఆ అధ్యాయంలోనే లేదు. "నాలుగు తప్పిపోకుండా చెప్పింది, గట్టిదే. కానీ చూసుకుని వాడాలండోయ్ అయ్యగారూ" అని నవ్వుతూ చెప్పింది కూడా. ఆ మాట అతని చెవికి ఎక్కలేదని ఇప్పుడు తెలిసింది.

"వందనాలండీ, రండి రండి. కాఫీ తాగుతారా?" అన్నాడు పాస్టరు.

"కాఫీ కాదండీ. నిన్న చదివిన మాట మీకెవరు చెప్పేరండీ?"

"ఏ మాటండీ?"

"దీనమ్మ పోతూ పోతూ అందన్న మాట."

అతని మొహం వెలిగిపోయింది. "అదాండీ! బాగా వచ్చింది కదండీ? ఒక్కరు కూడా ఏడవకుండా లేరు!"

ఛీ, ఛీ. పెళ్ళిలో వంటకం గురించి అడిగినట్టు మురిసిపోతున్నాడు! ఎలీసమ్మకు నోరంతా చేదుగా అయిపోయింది. కోనసీమలో కోపానికి కూడా అండీ తగిలించే మాట్లాడతారు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ పొద్దున ఏం వినవలసి వచ్చేదో ఆ కుర్ర పాస్టరు.

"ఎవరు చెప్పేరని కదండీ అడిగేను."

ఎవరూ చెప్పలేదు. అతను ఫోను తీసి చూపించాడు. దీనమ్మ పేరు, వయసు, చీపుర్ల పని, భర్త పోయాడు, ఒక్కతే కూతురు, తమ్ముడితో మనస్పర్థ, చివర్లో బైబిల్ ఉమన్ ఎలీసమ్మ పక్కన ఉంది. ఈ ముక్కలన్నీ టైపు చేసి, "వినేవాళ్ళ కళ్ళు చెమర్చేలా, క్షమాపణ సందేశంతో జీవిత సాక్ష్యం రాయి" అని అడిగాడు. రెండు నిమిషాల్లో రాసిచ్చిందట. ఆవిడ పదకొండేళ్ళ బతుకు అతని ఫోనులో 'మనస్పర్థ' అయిపోయింది. ఎవరి పేరు ఎందుకు ఆపారో తెలుసుకోవడానికి బీరువాలోని పుస్తకం ఒక్కసారి తెరిచి చూడలేదు.

"కిందదాకా చూపించండి" అని ఎలీసమ్మ కళ్ళజోడు పెట్టుకుంది.

అతను వేలితో పైకి జరుపుతూ పోయాడు. చిరునవ్వూ, ప్రభువు సన్నిధీ అన్నీ అయిపోయాక, అడుగున చిన్న ముక్క ఒకటి ఉంది. ఎలీసమ్మ కూడబలుక్కుని పైకే చదివింది. "గమనిక: చివరి క్షణాల్లో ఆమె అన్న మాటలు మీరిచ్చిన వివరాల్లో లేవు. వాటిని నేను ఊహించి రాశాను. సభలో చదివే ముందు కుటుంబ సభ్యులను, ఆ సమయంలో పక్కన ఉన్నవారిని అడిగి సరిచూసుకోండి. నిజం కాకపోతే తీసివేయండి."

"ఇది చదివేరా, అయ్యగారూ?"

సతీష్ పాస్టరు చెవులు ఎర్రబడ్డాయి. "అంత కిందకి చూడలేదండీ. పైది కాపీ చేసేసేను. పొద్దుటే రెండు బాప్తిస్మాలుండి..."

"పక్కన ఉన్నవారిని అడగమందండీ. పక్కన ఉన్నది నేనేనండీ. మూడు గుమ్మాల అవతల ఉంటాను. మీ ఇంట్లో పెరుగు తోడుకి రోజూ మా ఇంటికే వస్తారు. తోడుకి వచ్చినప్పుడు అడగొచ్చు కదండీ, దీనమ్మ ఏమందని? అడగమని ఆ ఫోనే చెప్పింది. దానికున్న సిగ్గు కూడా మనకి లేకపోయిందాండీ?"

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. తరవాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. "తప్పేనండీ. కానీ ఫలం చూడండి. సాల్మన్ గారు ఏడ్చేరు. లతమ్మ ఆయన్ని ఇంట్లోకి పిలిచింది. విడిపోయిన కుటుంబం కలిసింది. ఇప్పుడు కాదంటే మళ్ళీ విరిగిపోతుందండీ. దేవుడు దేన్నయినా వాడుకుంటాడు కదండీ?"

"దేవుడు వాడుకుంటాడో లేదో ఆయన్ని చెప్పనివ్వండి. మీరు వాడుకున్నది మాత్రం చచ్చిపోయిన మనిషి నోరు."

"మీరు కూడా తల ఊపేరు కదండీ" అన్నాడు పాస్టరు, మెల్లిగానే.

చెంప మీద కొట్టినట్టయింది. ఎలీసమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుని, లేచి వచ్చేసింది.

దారిలో కాలవ గట్టు మీద నిలబడిపోయింది. ఆ కుర్రాణ్ణి తిట్టడం తేలికే. కానీ ఆ మధ్యాహ్నం మంచం దగ్గర నిజంగా జరిగింది తలుచుకుంటే ఆ తిట్టు వచ్చి తనకే తగులుతోంది. ఆ రోజు లత మలికిపురం మందుల షాపుకి వెళ్ళింది. దీనమ్మ రెండు రోజులుగా మూసిన కన్ను తెరవలేదు. ఉన్నట్టుండి తెరిచి, "వదినా, పుస్తకంలో అది కొట్టేసేరా?" అని అడిగింది. లేదనడానికి ఎలీసమ్మకు నోరు రాలేదు. "ఆయ్, కొట్టేసేరు దీనమ్మా. సాల్మనే వచ్చి కొట్టేసేడు" అంది. దీనమ్మ "మంచిది" అని కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరవలేదు.

మంచిది! పదకొండేళ్ళు అబద్ధానికి తల వంచని మనిషిని అబద్ధంతో సాగనంపింది తను. జాలి అనుకుంది, ఆదరణ అనుకుంది. ఫోను చేసినదీ అదే పని. అడిగినవాళ్ళకి ఇంపైన మాట అల్లి ఇచ్చింది. కాకపోతే అది అడుగున "ఇది నా ఊహ" అని ఒక ముక్క పెట్టింది. తను అది కూడా పెట్టలేదు. ముప్పై ఏళ్ళ బైబిల్ ఉమన్ ఉద్యోగం, ఇదా చివరికి? ఎలీసమ్మకు తన నోరు కాలవలో కడుక్కోవాలనిపించింది. కడుక్కుంటే పోయే మురికైతే ఈపాటికి పోయేది.

శనివారం లత దగ్గరకు వెళ్ళి, తలుపు వేసి, ఉన్నదున్నట్టు అంతా చెప్పేసింది. ముందు తెలియవలసింది ఆ పిల్లకే కదా. లత వింది. ఏడవలేదు, అరవలేదు. "అయితే అమ్మ క్షమించలేదు. కొట్టేసేరనుకుని పోయింది. ఇటు మీరూ అటు ఫోనూ కలిసి అమ్మనీ నన్నూ ఇద్దర్నీ మోసం చేసేరు" అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు దెబ్బలు కొట్టినా బాగుండేదని ఎలీసమ్మ అనుకుంది.

మర్నాడు బల్ల ఆదివారం. మందిరంలో ఎడమ పక్క మగవాళ్ళు, కుడి పక్క ఆడవాళ్ళు. రొట్టె విరిచే ముందు, "ఎవరికైనా సరిచేసుకోవలసింది ఉంటే ఇప్పుడే సరిచేసుకోండి" అని పాస్టరు అనడం, అందరూ ఒక్క నిమిషం కళ్ళు మూసుకోవడం, నిమిషం అయిపోగానే దగ్గులూ గాజుల చప్పుళ్ళూ మొదలవడం మామూలే. ఎన్నేళ్ళుగానో ఆ నిమిషంలో లేచినవాళ్ళు లేరు. ఆ రోజు ఎలీసమ్మ లేచి నిలబడింది.

"నేను తప్పుడు సాక్ష్యం చెప్పేనండీ" అంది. "ఆదరణ కూడికలో చదివిన మాట దీనమ్మ అనలేదు. అవునని నేను తల ఊపేను. ఆవిడ అడిగిందల్లా ఒక్కటే, పుస్తకంలో తన పేరు దగ్గర రాత కొట్టేసేరా అని. చచ్చిపోయే మనిషితో కొట్టేసేరని అబద్ధం చెప్పేను. నమ్మి, మంచిది అని కళ్ళు మూసుకుంది. ఆ తాయెత్తు ఎవరు కట్టేరో నేను చూళ్ళేదు, చూడనిది చెప్పను. కట్టినవాళ్ళకి తెలుసు. నేను విన్నది, నేను చేసింది చెప్పేను. రెండు అబద్ధాలకీ నన్ను బల్ల నుంచి ఆపండి."

ఎలీసమ్మ బైబిలు చంకన పెట్టుకుని, ఆడవాళ్ళ వరసలు దాటుకుని వెనక చాప మీదకు వెళ్ళి కూర్చుంది. కాసేపటికి పక్కన ఇంకొకరు వచ్చి కూర్చున్న అలికిడి అయింది. లత. ఎలీసమ్మ కేసి చూడలేదు. కూర్చుంది, అంతే.

సతీష్ పాస్టరు మైకు పట్టుకుని, మళ్ళీ వద్దనుకున్నాడు. మైకు కింద పెట్టేసి మామూలు గొంతుతోనే అన్నాడు. "ఆవిడ తప్పు కంటే నాది ముందండీ. నాకు తెలియని మాట ఫోను రాసిస్తే, ఎవర్నీ అడక్కుండా దేవుడి మందిరం పేరున చదివేసేను. అడగమని అదే చెప్పింది, నేను చూడలేదు." బీరువా తీసి, సంఘం పుస్తకం బల్ల పక్కన పెట్టి, ఆదరణ కూడిక అయ్యాక పెద్దలు దీనమ్మ పేజీలో అంటించిన జీవిత సాక్ష్యం కాగితం ఊడదీశాడు. కింద పదకొండేళ్ళ నాటి రాత కనిపించింది. దాని మీద పెన్ను పెట్టబోయి ఆగిపోయాడు. రాసిన చెయ్యి తనది కాదు.

అందరూ సాల్మన్ కేసి చూశారు. ముందు వరసలో, తెల్ల చొక్కా, జేబులో మడత పెట్టిన కర్చీఫు. గొంతు సవరించుకున్నాడు. చెబుతాడు, ఇప్పుడైనా చెబుతాడు అని ఎలీసమ్మ ఎదురుచూసింది.

"కాగితం తీసేసేరు కదండీ, సరిపోయింది. పోయినవాళ్ళ సంగతి దేవుడు చూసుకుంటాడు. కార్యక్రమం కానివ్వండి అయ్యగారూ, ఎండెక్కుతోంది" అన్నాడు సాల్మన్.

ఎంత తేలిగ్గా అన్నాడు! అక్క కోసం నాలుగు రోజుల కిందట భుజాలు కదిలిపోయేలా ఏడ్చిన మనిషేనా ఇతను? ఆ ఏడుపు అక్క కోసం కాదు, తనకి దొరికిన విడుదల కోసం. ఎలీసమ్మకు ఒళ్ళంతా కంపరం పుట్టింది.

పాస్టరు ఏం చేయాలో తోచక ప్రార్థన చేసి రొట్టె విరిచాడు. పళ్ళేలు రెండూ కదిలాయి. మగవాళ్ళ పళ్ళెం ముందుగా సాల్మన్ దగ్గరకే వచ్చింది. ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని, నోట్లో వేసుకుని, నమిలి మింగి, కర్చీఫుతో మీసం తుడుచుకున్నాడు. అతని పక్కన బావమరిది తీసుకున్నాడు, ఆ పక్కన ఇద్దరు తీసుకున్నారు. ఆ తరవాత చేతులు తటపటాయించాయి. కొన్ని తీసుకున్నాయి, కొన్ని లేదు.

ఆడవాళ్ళ పళ్ళెం మొదటి వరసలో ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయింది. రెండో వరస, మూడో వరస. ఎవరూ మాట్లాడుకోలేదు, ఎవరూ సైగ చేసుకోలేదు. పళ్ళెం అలా ఆగకుండా పోతూనే ఉంది. దీనమ్మ ముందు నుంచి పదకొండేళ్ళు ఎలా వెళ్ళిపోయిందో అలాగే అందరి ముందు నుంచీ వెళ్ళిపోయింది. చివరి వరస దాటి మళ్ళీ పాస్టరు చేతికి వచ్చినప్పుడు అతను పేర్చిన ముక్కలు పేర్చినట్టే ఉన్నాయి.

సాల్మన్ మెడ సారించి పళ్ళెంలోకి చూశాడు. "ఏంటిది? ఒక్కరూ తీసుకోలేదేం?" అన్నాడు గట్టిగా. అతని కళ్ళు ఆడవాళ్ళ వరసలు వెతికి వెతికి మూడో వరసలో భార్య దగ్గర ఆగాయి. "నువ్వూ తీసుకోలేదా?"

తులసమ్మ ఒళ్ళో చేతులు ముడుచుకుని కూర్చుంది. మొగుడి ఎదురుగా మందిరంలో ఏనాడూ నోరెత్తి ఎరగదు.

"ఆ తాయెత్తు మనింట్లోంచే వెళ్ళిందండీ" అంది. "పదకొండేళ్ళు నేనూ నోరు మూసుకుని ఈ రొట్టె తిన్నాను. ఇవాళ నా వల్ల కాదు. లేవండి, పెన్ను అయ్యగారి దగ్గరుంది."